ఇంట్లో మోడల్ రైలు లేఅవుట్ మీద మొదటి ఆపరేటింగ్ సెషన్: కార్డులా, కంప్యూటర్ లిస్టులా? గడియారం ఎంత వేగం?

లూప్‌లైన్_3
నాది మోడల్ రైలు లేఅవుట్, హెచ్‌ఓ స్కేలు (అసలులో 87వ వంతు). గది 10 × 12 అడుగులు, గోడల వెంబడి సింగిల్ లైను, మెయిన్ పొడవు 36 అడుగులు. మూడు స్టేషన్లు, మధ్య స్టేషన్లో బండ్లు ఒకదాన్నొకటి దాటే లూపు. వ్యాగన్లు విడదీసి కూర్చే నాలుగు లైన్ల యార్డు, సరుకు ఎక్కించి దించే తొమ్మిది సైడింగులు, వెనకాల బండ్లు వంతు కోసం ఆగే ఐదు లైన్ల స్టేజింగు. 1950ల చివరినాటి అమెరికా రైల్‌రోడ్డు, వ్యాగన్లు 62, కంట్రోలు డీసీసీ (ఒక్కో ఇంజన్ని విడిగా నడిపే డిజిటల్ పద్ధతి). బండ్లు ఊరికే తిప్పింది చాలు, వచ్చే నెల నలుగురిని పిలిచి, నిజం రైల్వేలా వ్యాగన్లు చేరవేసే సెషన్ పెడుతున్నా. ఏ వ్యాగను ఎక్కడికెళ్లాలో చెప్పడానికి కార్డులూ వేబిల్లులూ (గమ్యం చీటీలు) మంచివా, జేఎంఆర్‌ఐ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో తీసిన లిస్టులా? ఫాస్ట్ క్లాక్ (నిజం కన్నా వేగంగా తిరిగే గడియారం) ఎంత పెట్టాలి? నలుగురికీ పని ఎలా పంచాలి? వ్యాగన్లు విడదీయడానికి మాగ్నెట్లా, వెదురు పుల్లలా?

షంటింగ్‌నెక్
కాగితాల సంగతి తర్వాత. ముందు ఇరవై వ్యాగన్లు తీసి డబ్బాలో పెట్టండి. 40 అడుగుల బాక్స్‌కారు హెచ్‌ఓలో కప్లర్లతో (వ్యాగన్లని కలిపే కొక్కేలతో) కలిపి దాదాపు ఆరంగుళాలు, అంటే అడుగుకి రెండు. సైడింగులు సగటున అడుగున్నర అనుకుంటే తొమ్మిదింట్లో 27 పడతాయి. యార్డు లైన్లు నాలుగేసి అడుగులైతే 32. పడతాయి కదా అని నింపేస్తే ఒకదాన్ని బయటికి లాగాలంటే మూడింటిని ఎక్కడో దాచాలి, ఆ దాచే చోటే ఉండదు. సైడింగుల్లో సగం, యార్డులో సగానికి కొంచెం పైన, స్టేజింగులో అయిదారు వ్యాగన్ల గూడ్సులు రెండు. మొత్తం 42 దాటకూడదు.

రెండోది, నెక్ (షంటింగులో యార్డు వ్యాగన్లని బయటికి లాగే లైను) పొడవెంత? అది చెప్పనే లేదు. యార్డులో అన్నిటికన్నా పొడుగు లైను ఎంతుందో అంత, దానికి ఇంజను పొడవు కలపాలి. మెయిన్ లైన్నే నెక్‌గా వాడితే బండి వచ్చిన ప్రతిసారీ యార్డు పని ఆగిపోతుంది. క్లబ్బులో పన్నెండేళ్లుగా యార్డు నడిపేవాణ్ణి, ఈ విషయంలో నా మాట నమ్మండి. సెషన్లు చెడేది కాగితం వల్ల కాదు, నెక్ పొట్టిగా ఉండటం వల్ల.

వేబిల్లు_నాలుగోముఖం
కార్డులే పెట్టండి. డగ్ స్మిత్ 1961లో ఈ పద్ధతి రాశాడు, ఇప్పటికీ నడుస్తోందంటే ఊరికే కాదు. వ్యాగనుకి ఒక కార్డు, కార్డు అడుగున జేబు, జేబులో నాలుగు గమ్యాల వేబిల్లు. ఒకటో ముఖం ఖాళీగా కలప మిల్లుకి, రెండో ముఖం లోడుతో తూర్పు స్టేజింగుకి, అలా. చేరాల్సిన చోటికి చేరాక తిప్పడమే.

కొత్తవాళ్లు తప్పు చేసేది రెండు చోట్ల. మొదటి రోజు అన్ని వేబిల్లులూ ఒకటో ముఖం మీదే పెడతారు, దాంతో వ్యాగన్లన్నీ ఒకే దిక్కుకి బయల్దేరతాయి. ఒకటి నుంచి నాలుగు దాకా కలగలిపి పెట్టాలి. రెండోది, సెషన్ అయ్యాక సైడింగుల్లో ఉన్నవన్నీ ఒకేసారి తిప్పేస్తారు. సగమే తిప్పండి. ఒక్కో ఊరికి ఫేసియా (లేఅవుట్ ముందు అంచు పలక) మీద రెండు అరల పెట్టె బిగించి ఒకదానిమీద ‘ఆగాలి’, రెండోదానిమీద ‘తీయాలి’ అని రాయండి. కార్డులు మాత్రం లేఅవుట్ మీద పెట్టనివ్వొద్దు. తీగ కంచెలు, సిగ్నలు స్తంభాలు విరిగేది దానివల్లే.

బిల్డ్‌రిపోర్ట్
కార్డు ఒక్కటి తప్పు పెట్టెలో పడితే ఆ వ్యాగను ఇక అనాథ. జేఎంఆర్‌ఐ ఉచితం, లిస్టు ఒక్క కాగితం, పోతే మళ్లీ ప్రింటు తీసుకోవచ్చు. అయితే కొలతలు దొంగలెక్కలు రాయకూడదు. సైడింగు పొడవు పాయింటు (బండి లైను మారే చోటు) దగ్గర ఎంత వదలాలో అంత వదిలి టేపుతో కొలవాలి. ఏ లైన్లో ఏ రకం వ్యాగను ఆగొచ్చో టిక్కు పెట్టాలి. బండి తయారు కాకపోతే బిల్డ్ రిపోర్టులో కారణం ఉంటుంది, చదవండి. చాలామంది చదవకుండానే ప్రోగ్రాం పనికిరాదని వదిలేస్తారు.

దీనికీ ఒక బలహీనత ఉంది. సెషన్లో ఎవరో ఒక వ్యాగన్ని వేరే చోట వదిలేస్తే కంప్యూటరుకి తెలియదు. బండిని టర్మినేట్ చేసే ముందు ఒకరు లిస్టు పట్టుకుని లేఅవుట్ చుట్టూ తిరిగి సరిచూడాలి, పది నిమిషాల పని. అది మానేస్తే మూడో సెషనుకి లిస్టులో సగం అబద్ధాలే.

వేబిల్లు_నాలుగోముఖం
అదే అంటున్నా. కార్డు వ్యాగనుతో పాటే ప్రయాణం చేస్తుంది. తప్పు చోట వదిలినా కార్డు పక్కనే ఉంటుంది, వచ్చే బండి సరిచేస్తుంది.

ఎక్స్‌ప్రెస్_12
గడియారం గురించి ఒక్కరూ చెప్పలేదు. 12:1 పెట్టండి. రెండు గంటల్లో పూర్తి రోజు గడుస్తుంది, రాత్రి మెయిలు, పొద్దుటి పాసింజరు అన్నీ వస్తాయి. 36 అడుగుల మెయిన్‌కి అంతకన్నా తక్కువ పెడితే బండి ఇలా బయల్దేరి అలా చేరిపోయినట్టుంటుంది.

షంటింగ్‌నెక్
దయచేసి 12:1 పెట్టొద్దు. హెచ్‌ఓలో స్కేలు ప్రకారం గంటకి 30 మైళ్లంటే సెకనుకి ఆరంగుళాలు. 36 అడుగులకి 72 సెకన్లు. 12:1లో అది పధ్నాలుగు నిమిషాలు, బాగానే ఉంది. కానీ షంటింగు? ఒక వ్యాగన్ని తీసి ఒకటి పెట్టాలంటే ఆగడం, విప్పడం, పాయింటు మార్చడం, మెల్లగా కలపడం, మొత్తం రెండున్నర నిమిషాలు. ఆరు వ్యాగన్లకి పావుగంట. మీ గడియారంలో అది మూడు గంటలు! మూడు గంటలు లోకల్ గూడ్సు మెయిన్ మీద కూర్చుంటే పాసింజరు ఎటు పోతుంది?

ఎక్స్‌ప్రెస్_12
లోకల్‌ని లూపులో పెట్టుకోవాలి. పాసింజరు టైముకి దారివ్వడం కండక్టరు (మన గార్డు లాంటివాడు) బాధ్యత. నిజం రైల్లోనూ అంతే.

షంటింగ్‌నెక్
లూపు ఒక్కటే స్టేషన్లో ఉందని మొదటి పోస్టులోనే రాశారు. చదివారా అసలు?

ఎక్స్‌ప్రెస్_12
చదివాను. ప్రతి చర్చలోనూ క్లబ్బు అనుభవం చెప్పి మిగతావాళ్ల నోరు మూయించడం మానండి. మీ క్లబ్బు మెయిన్ వందల అడుగులు, ఇది చిన్న గది. ఇక్కడ దూరాన్ని గడియారమే ఇవ్వాలి.

స్టాప్‌వాచ్
ఇద్దరి లెక్కా నిజమే, అందుకే తగువు తెగడం లేదు. గడియారం పరుగును సాగదీస్తుంది, షంటింగుని కూడా సాగదీస్తుంది. పరుగుకి మేలు, షంటింగుకి కీడు. తొమ్మిది సైడింగులున్న లేఅవుట్‌లో షంటింగే ఎక్కువ కాబట్టి 3:1 లేదా 4:1 దగ్గర ఆగాలి. 4:1లో ఆ పావుగంట ఒక గంట అవుతుంది, అది నమ్మదగ్గ సమయం. మూడు గంటలు ఆడితే పన్నెండు గంటల పని అవుతుంది.

టైంటేబులు మాత్రం ఊహించి రాయకండి. ముందు ఒక్క బండిని గడియారం లేకుండా నడిపి, స్టేషనుకి స్టేషనుకి మధ్య ఎంత పట్టిందో స్టాప్‌వాచ్‌తో రాసుకోండి. దానికి సగం కలిపి, ఎంచుకున్న నిష్పత్తితో గుణించండి. మొదటి సెషనుకైతే గడియారమే వద్దు. బండ్లకి వరస పెట్టండి: ఒకటో నంబరు వచ్చాకే రెండోది, యార్డు ఖాళీ అయ్యాకే మూడోది. ఎవరూ ఆలస్యమని కంగారుపడరు, పట్టాల్లో లోపాలూ బయటపడతాయి.

ఎక్స్‌ప్రెస్_12
వరస పద్ధతిలో డిస్పాచర్‌కి (ఏ బండి ఎప్పుడు కదలాలో చెప్పేవాడికి) పనేముంటుంది? ఒప్పుకోను.

గుంతకల్లు_ఎంజీ
డిస్పాచర్ పేరు ఎత్తారు కాబట్టి. మన రైల్వేలో గడియారం కాదు, లైన్ క్లియర్ (లైను ఖాళీగా ఉంది, బండి పంపొచ్చనే అనుమతి) ముఖ్యం. అవతలి స్టేషన్ మాస్టరు లైన్ క్లియర్ ఇచ్చాడా లేదా, అంతే. అమెరికా లేఅవుట్ అయినా ఈ పద్ధతి అరువు తెచ్చుకోవచ్చు. ఒక్కో బ్లాకుకి (రెండు స్టేషన్ల మధ్య లైనుకి) ఒక బాల్ టోకెన్, అంటే రంగు వేసిన చెక్క గోళీ. గోళీ చేతిలో ఉన్న డ్రైవరే బ్లాకులోకి వెళ్లాలి. ఢీకొనే సమస్య ఉండదు.

ఔటర్_దాటాక
ఒక్క గోళీతో నడవదండీ. ఒకే దిక్కుకి రెండు బండ్లు వెంట వెంట వెళ్లాలంటే, మొదటి బండితో గోళీ అవతలికి పోతుంది, రెండో బండి ఇవతలే ఉండిపోతుంది. నిజం రైల్లో వాడే నీల్స్ బాల్ టోకెన్ ఇన్‌స్ట్రుమెంట్‌లో రెండు వైపులా చాలా బంతులు ఉంటాయి. రెండు స్టేషన్లూ ఒప్పుకుంటేనే ఒకటి బయటికొస్తుంది, అది లోపలికి పడేదాకా ఇంకోటి రాదు. కిటుకంతా ఆ ఇంటర్‌లాకింగ్‌లోనే ఉంది. ఇంట్లో అది కట్టలేకపోతే పేపర్ లైన్ క్లియర్ (కాగితం మీద రాసిచ్చే అనుమతి) వాడండి: అప్ బండికి టి/సి 1425 ఫారం, డౌన్‌కి టి/డి 1425. చిన్న పుస్తకంగా కుట్టి, స్టేషన్ మాస్టర్లకి రెండంకెల ప్రైవేట్ నంబర్ల చీటీలు ఇవ్వండి. వాడిన నంబరు కొట్టేయాలి. ఫోన్లో నంబరు చెప్పనిదే చీటీ రాయకూడదు.

గుంతకల్లు_ఎంజీ
ఒప్పుకుంటున్నా, ఆ ముక్క రాయలేదు. ఎలాగూ మన రైలు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి: ఈమధ్య కాలపు భారతీయ లేఅవుట్‌కి కార్డు పద్ధతి కుదరదు. గూడ్సంటే ఇప్పుడు పూర్తి రేకే (విడదీయకుండా నడిపే మొత్తం బండి). బొగ్గు మోసే బీఓఎక్స్‌ఎన్ వ్యాగను పొడవు 10.713 మీటర్లు, హెచ్‌ఓలో 12.3 సెంటీమీటర్లు. 58 వ్యాగన్లంటే ఏడు మీటర్ల పైన, ఈయన మెయిన్‌లో మూడింట రెండొంతులు! విడి వ్యాగన్లు ఆడించాలంటే పాత రోజులకే వెళ్లాలి. గుంతకల్లులో బ్రాడ్ గేజీ మీటర్ గేజీ రెండూ ఉన్న కాలం పెట్టుకుంటే ఒక గేజీ వ్యాగన్లోంచి ఇంకో గేజీ వ్యాగన్లోకి సరుకు మార్చే ట్రాన్స్‌షిప్‌మెంట్ షెడ్డు ఒక్కటే పది సైడింగుల పని పెడుతుంది. ప్లాట్‌ఫారానికి ఒక పక్క బ్రాడ్ గేజీకి 16.5 మి.మీ. లైను, ఇంకో పక్క మీటర్ గేజీకి 12 మి.మీ. హెచ్‌ఓఎం లైను. అటు ఖాళీ అయితేనే ఇటు లోడు, ఒక వ్యాగనుకి రెండు వేబిల్లులు.

ఔటర్_దాటాక
బ్రాడ్ గేజీకి స్కేలు ప్రకారం 19.3 మి.మీ. రావాలి. 16.5 మీద పెడితే ముందు నుంచి చూసినప్పుడు బండి కాళ్లు దగ్గరపెట్టి నిలబడ్డట్టుంటుంది.

గుంతకల్లు_ఎంజీ
ట్రాకు, చక్రాలు, పాయింట్లు అన్నీ చేత్తో చేసుకోగలిగితే 19.3 వేసుకోండి. సెషన్ నడవాలంటే దొరికే ట్రాకే గతి.

లూప్‌లైన్_3
నెక్ కొలిచాను, మూడడుగులే ఉంది. లైన్లు నాలుగడుగులు, కాబట్టి పొడిగిస్తున్నా. 20 వ్యాగన్లు తీసేశాను. పని పంపకం, విడదీయడం గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

స్టాప్‌వాచ్
యార్డుకి ఒకరు, లోకల్ గూడ్సుకి ఇద్దరు (డ్రైవరు, కండక్టరు), మిగిలిన ఒకరు స్టేజింగు బండ్లూ డిస్పాచింగూ. మీరు ఏదీ నడపకండి, తప్పులు సరిచేస్తూ తిరగండి. ఇద్దరు ఒకరినొకరు దాటాలంటే నడవా 30 అంగుళాలైనా ఉండాలి.

పుల్లతో_పని
మాగ్నెట్లు సైడింగుల్లో పెట్టొచ్చు గానీ మెయిన్ మీద వద్దు. బండి దాని మీద కాస్త తడబడి కప్లర్ల మధ్య వదులు వచ్చిందంటే అక్కడే విడిపోతుంది. నలుగురు ఆడే చోట పుల్లే మేలు. వెదురు పుల్ల మొన కొద్దిగా చదును చేసి, రెండు కప్లర్ల మధ్య పైనుంచి నిలువుగా దించి చిన్నగా తిప్పాలి. గుచ్చకూడదు, వ్యాగను ఎగిరి పట్టాలు తప్పుతుంది. చెయ్యి 24 అంగుళాల కన్నా లోపలికి చాచాల్సిన సైడింగులో పుల్ల ఆనదు, అక్కడ మాగ్నెట్ పెట్టండి.

అంతకు ముందు ప్రతి వ్యాగన్నీ కేడీ 205 గేజి (కప్లరు ఎత్తు చూసే కొలత పరికరం) మీద చూడండి. ఎత్తు తక్కువైతే వాషరు వేయండి. ట్రిప్ పిన్ (కప్లరు కింద ఉండే వంకర తీగ) వేలాడుతుంటే పాయింటు దగ్గర తగులుకుంటుంది, వంచండి. కప్లరులో నూనె వద్దు, గ్రాఫైట్ పొడి చాలు. బరువుకి అమెరికా మోడల్ రైలు సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ సూత్రం: ఒక ఔన్సు, దానిమీద పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు. ఆరంగుళాల వ్యాగనుకి నాలుగు ఔన్సులు, 113 గ్రాములు. వీటిలో లోపం తేలిన వాటికి ఎర్ర చీటీ పెట్టి సిక్ లైన్లో (మరమ్మతు లైన్లో) నిలపండి. సెషన్లో ఎవరూ మరమ్మతు చేయకూడదు.

బిల్డ్‌రిపోర్ట్
ఒక షార్టుకి లేఅవుట్ మొత్తం ఆగకుండా చూసుకున్నారా? యార్డు, మెయిన్, స్టేజింగు వేర్వేరు విద్యుత్ భాగాలు చేసి, ఒక్కోదానికి సర్క్యూట్ బ్రేకరు పెట్టాలి. బ్రేకర్లకి ఖర్చెక్కువ అనుకుంటే కారు బ్రేక్ లైటు బల్బు, 12 వోల్టులు 21 వాట్లు, ఒక్కో భాగానికి సిరీస్‌లో వేయండి. పాయింటు ఎదురుగా ఉండి ఇంజను ఎక్కేస్తే బల్బు వెలుగుతుంది, మిగతావాళ్ల బండ్లు నడుస్తూనే ఉంటాయి.

ఎక్స్‌ప్రెస్_12
సౌండు ఇంజన్లు మూడు నాలుగు ఒకే భాగంలో ఉంటే బల్బు వేయొద్దు. షార్టు తీసేశాక అన్నీ ఒకేసారి కరెంటు లాగుతాయి, బల్బు ఆరదు. యార్డుకి బ్రేకరే, స్టేజింగుకి బల్బు చాలు.

బిల్డ్‌రిపోర్ట్
అవును, అది నిజం. బల్బుని ప్లైవుడ్‌కి ఆనించి మాత్రం బిగించకండి, షార్టు ఎక్కువసేపుంటే కాలుతుంది. మూడంగుళాల ఖాళీ వదిలి, ఫేసియా మీద ఆ భాగం పేరు కింద కనపడేలా పెట్టండి.