నానాటికి కావలసిన మా అన్నము: ఈ ‘నానాటికి’ ఏంటి?

రాయగడ కుర్రాడు:
పెద్దలకి నమస్కారం. మొన్న మా కతోలిక గుడిలో ఈస్టర్ జాగరణ పూజలో జ్ఞానస్నానం తీసుకున్నాను. ఉపదేశి గారు నేర్పిన పరలోక జపంలో, అదే యేసు శిష్యులకి నేర్పిన ప్రార్థనలో, ఒక ముక్క దగ్గర ఆగిపోతున్నాను. “నానాటికి కావలసిన మా అన్నము మాకు నేటికి ఇవ్వండి” అనే కదా? యూత్ వాళ్ళు కీబోర్డు పెట్టి, తెర మీద అక్షరాలు చూసి “అనుదినాహారము” అంటున్నారు. ఆదివారం పూజేమో ఒడియాలో. ఇంట్లో మా అమ్మ మజ్జిగౌరమ్మ పటం ముందు దీపం పెడుతూ నానాటికీ నూనె ధర పెరిగిపోతోంది అంటుంటే నాకు జపంలోనూ ఆ అర్థమే తడుతోంది, రోజురోజుకీ ఎక్కువ అన్నం పెట్టమన్నట్టు. పైగా నానాటికి, నేటికి రెండూ ఎందుకు?

పర్లాకిమిడి మాస్టారు:
మీ ఉపదేశి గారు చెప్పిందే పాత పాఠం, వదలకండి. అనుదినాహారము ప్రొటెస్టంటు సంఘాల బైబిలు మాట, పాటలతో పాటు ఇటు వచ్చేసింది. ‘నాడు నాటికి’ కుదించుకుపోయి నానాటికి అయింది, ఏ రోజుకి ఆ రోజు అని. పెరగడం అన్న అర్థం క్రియ వల్ల వచ్చింది గానీ మాటలో లేదు. మీరు గమనించారో లేదో, ‘పూజింపబడును గాక’ అంటూ గ్రాంథికంలో నడిచిన జపం అన్నం దగ్గరకొచ్చేసరికి ‘ఇవ్వండి’ అనేసింది! మా ఊళ్ళో ఉండి గిడుగు వారు వ్యావహారికం కోసం కొట్లాడింది దీని కోసమే.

బరంపురం నుంచి:
మాస్టారూ, ప్రతి దారమూ పర్లాకిమిడికే చుట్టేస్తారు మీరు. ఆ మొదటి ‘నా’ సంస్కృతం ‘నానా’లోది ఎందుకు కాకూడదు? నానా రకాలు, నానా జాతులు, అలాగే పలు నాళ్ళకి.

పర్లాకిమిడి మాస్టారు:
అలాగైతే నానానాటికి అవ్వాలి. ఒక ‘నా’ ఎవరు తినేశారు?

గుణుపురం పాటల పిచ్చోడు:
ఇక్కడ అన్నమయ్య రాకపోతే ఎలాగండీ? “నానాటి బ్రతుకు నాటకము”. అందులోనే “కుడిచేదన్నము, కోక చుట్టెడిది, నడమంత్రపు పని నాటకము” అన్నాడు. నానాటి, అన్నము రెండూ ఒకే పాటలో! జపం కట్టిన ఆయన చెవిలో ఈ పాట ఉండే ఉంటుందని నా గట్టి అనుమానం.

బరంపురం నుంచి:
‘బదుకు’ అండీ, బ్రతుకు కాదు. ఇక మీ అనుమానం సంగతి. అన్నమయ్య పాటలు చెక్కిన రాగిరేకులు తిరుమల గుడి అరలో 1922 దాకా బయటి లోకానికి పెద్దగా తెలియకుండా పడి ఉన్నాయి. పాదిరి గారు అరలో దూరి చదివొచ్చారా?

గుణుపురం పాటల పిచ్చోడు:
రేకులు అరలో ఉంటే పాట కూడా అరలోనే ఉంటుందా? నోటి మీద తిరిగినవి లేవా? బ్రతుకు అనే మా గురువు గారు పాడేవారు, నేనూ అలాగే పాడతాను.

జయపురం లైబ్రరీ మనిషి:
అసలు తగువు తెలుగులో లేదు. గ్రీకులో అక్కడున్న ‘ఎపియూసియోస్’ ఈ జపంలో తప్ప వేరే చోట దాదాపు దొరకని మాట. బైబిలుని లాటిన్‌లోకి తెచ్చిన జెరోము అంతటివాడే లూకా సువార్త దగ్గర ‘రోజువారీ’ అని, మత్తయి దగ్గర ‘పదార్థానికి మించిన’ అనే అర్థంలో, ఒకే మాటకి రెండు మాటలు రాశాడు. రెండోది పట్టుకుని, ఇది పూజలో ఇచ్చే అప్పం, దివ్యసత్ప్రసాదం అని చెప్పినవాళ్ళున్నారు. కాబట్టి నానాటికీ నేటికీ రెండూ ఉండటం తప్పు కాదు. మూలంలో కూడా ‘నేడు’ వేరేగా ఉంది.

బరంపురం నుంచి:
రొట్టె అనకుండా అన్నం అన్నారు చూడండి, దానికి దండం పెట్టాలి. నన్నడిగితే జపం మొత్తంలో గొప్ప మాట అదే, నానాటికి కాదు.

రాయగడ కుర్రాడు:
ఇంకో టెన్షన్ ఉంది. ఉపదేశి గారు దేవుణ్ణి ‘మీ నామము’ అంటారు, యూత్ వాళ్ళు ‘నీ నామము’ అంటారు. చిన్నప్పటి నుంచీ నీవు అనే అలవాటు కదా, ‘మీరు’ అంటుంటే తాసిల్దారు గారికి అర్జీ పెట్టుకున్నట్టుంది. పోనీ పాతదే మంచిదనుకుందామా అంటే, పూజలో ఆరతి చూసి ఇదే బాగా పాతది అనుకున్నాను, మా ఇంటి వాసన వచ్చింది. తీరా అడిగితే అది కొత్తదిట, మోకాళ్ళ మీద ఉండి నాలుక మీద ప్రసాదం తీసుకోవడం పాతదిట!

జయపురం లైబ్రరీ మనిషి:
అవును, 1969లో మన దేశంలో పూజకి రోము ఒప్పుకున్న పన్నెండు అంశాల్లో ఆరతి ఒకటి. చెప్పులు విప్పడం, కింద కూర్చోవడం, అంజలి పట్టడం కూడా అందులోవే. 1960ల మధ్య దాకా పూజ లాటిన్‌లో, జపాలు తెలుగులో. మీ నానాటికి ఆ జపాల బాపతు.

గుణుపురం పాటల పిచ్చోడు:
పోతన గజేంద్రుడు “నీవే తప్ప నితఃపరం బెరుగ” అన్నాడు. మొసలి నోట్లో కాలు పెట్టుకుని “మీరే తప్ప” అంటే ఎలా ఉంటుంది?

పర్లాకిమిడి మాస్టారు:
గణం చెడదు, ‘మీరే’ అన్నా గురువులు రెండే.

బరంపురం నుంచి:
గణం చెడదు, యతి చూడండి మాస్టారూ. పాదం చివర ‘మన్నింపందగున్ దీనునిన్’ ఉంది కదా, అక్కడ ‘ని’కి ‘నీ’ కుదురుతుందా లేదా, ముందు అది తేల్చండి.

పర్లాకిమిడి మాస్టారు:
శార్దూలానికి యతి పదమూడో అక్షరం. మీరు పాదం చివర వెతుకుతున్నారు. లెక్కపెట్టి రండి.

రాయగడ కుర్రాడు:
సరే, మరి “మా యొద్ద అప్పుబడిన వారిని” అన్నచోట అప్పు తీసుకున్నది ఎవరండీ, వాళ్ళా మనమా?

గుణుపురం పాటల పిచ్చోడు:
అది తరవాత చూద్దాం తమ్ముడూ. బదుకు అని ఏ రేకులో ఉందో ఫోటో పెట్టమనండి ముందు.