సముద్రపు నీళ్లా, మురుగునీళ్లా? చెన్నై ముందు దేని మీద డబ్బు పెట్టాలి

వేళచ్చేరి శ్రీను:
పేరూరులో రోజుకు 40 కోట్ల లీటర్ల సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే ప్లాంటు కడుతున్నారు. మింజూరులో 2010 నుంచి 10 కోట్ల లీటర్లు, నెమ్మేలిలో 2013 నుంచి మరో 10 కోట్లు, 2024లో అక్కడే ఇంకో 15 కోట్లు. అన్నీ కలిస్తే 75 కోట్ల లీటర్లు. నా దృష్టిలో ఇదే సరైన దారి. 2015లో వాన ఊరిని ముంచింది. నాలుగేళ్లకే, 2019లో, పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ అడుగంటితే జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెప్పించుకున్నాం. వాతావరణం ఇలా మారిపోతుంటే చెరువుల్ని నమ్ముకుని ఎలా బతుకుతాం? సముద్రం ఎండదు. మీరేమంటారు?

నెల్లూరు రమణ, టీ నగర్:
నాదీ అదే మాట. 1983 ఒప్పందం ప్రకారం శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు తెచ్చే తెలుగు గంగ కాలువలో ఏడాదికి 12 టీఎంసీలు పూండికి రావాలి. మొదటిసారి నీళ్లు వచ్చిందే 1996లో. పూర్తి వాటా అందిన ఏళ్లు అరుదు. శ్రీశైలంలో నీళ్లు లేని ఏడాది అక్కడి రైతును అడిగే మొహం మనకుండదు. శ్రీను గారు చెప్పిన 75 కోట్ల లీటర్లు ఏడాది పొడవునా వస్తే దాదాపు 9.7 టీఎంసీలు. ఆ మేరకు ఆ కాలువకు నీళ్లు వదిలే కండలేరు రిజర్వాయరు వైపు చూడక్కర్లేదు.

అంబత్తూరు మెయింటెనెన్స్:
లెక్క బాగుంది రమణన్నా, కరెంటు లెక్క కూడా వేద్దాం. నేను ఆర్వో యంత్రాల మధ్య పనిచేసేవాణ్ణి. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆ నీటిని ఉప్పును ఆపే పొర, అంటే మెంబ్రేన్ గుండా తోయాలంటే 55 నుంచి 70 బార్ల ప్రెషర్ (మామూలు గాలి పీడనానికి దాదాపు అన్ని రెట్లు) కావాలి. వెయ్యి లీటర్లకు మూడున్నర యూనిట్ల చొప్పున వేసుకున్నా, పేరూరు ఒక్కదానికే రోజుకు 14 లక్షల యూనిట్లు. అందులో ఎక్కువ భాగం బొగ్గు కరెంటే. ఎండలు పెరగడానికి కారణమైన బొగ్గునే ఇంకా కాల్చి, ఆ ఎండలకు మందు తయారుచేసుకుంటున్నాం.

ఇంకో సంగతి. వంద లీటర్లు తోడితే మనకు దక్కేది 40, 45. మిగిలింది దాదాపు రెట్టింపు ఉప్పుతో మళ్లీ సముద్రంలోకే పోతుంది. నెమ్మేలి పక్కన సూళేరికాట్టుకుప్పం మత్స్యకారులు తమ ఒడ్డు కోసుకుపోతోందని ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్నారు. తుపాను రోజుల్లో సముద్రం బురదగా మారితే ఫిల్టర్లు మూసుకుపోతాయి. అప్పుడు ఉత్పత్తి తగ్గించక తప్పదు. ఎండదు సరే, ఆగకుండా ఇస్తుందన్న గ్యారంటీ లేదు.

దీని బదులు మురుగునీటిని శుద్ధి చేసి వాడుకోవచ్చు. అందులో ఉప్పు సముద్రపు నీటితో పోలిస్తే చాలా చిన్న వంతు. తక్కువ ప్రెషర్ చాలు, కరెంటు కూడా తక్కువే. కొడుంగైయూరు, కోయంబేడుల్లో రోజుకు నాలుగున్నర కోట్ల లీటర్ల చొప్పున రెండు ప్లాంట్లు 2019లోనే వచ్చాయి. మొదటి దాని నీళ్లు మణలి, ఎన్నూరు వైపు ఫ్యాక్టరీలకు, రెండో దానివి ఇరుంగాట్టుకోట్టై, శ్రీపెరుంబుదూరు, ఒరగడం వైపు వెళ్తున్నాయి. బాయిలర్‌కు, కూలింగ్ టవర్‌కు తాగే నీళ్లు ఎందుకు? సముద్రం మీద ఇంకో రూపాయి పెట్టేముందు పారిశ్రామికవాడలన్నిటికీ ఈ పైపులు వేయాలి. పైపు చేరిన చోట మంచినీళ్లు, బోరు నీళ్లు రెండూ ఆపాలి. నేను గట్టిగా అడుగుతున్నది ఇది.

తిరువొత్తియూరు లక్ష్మి:
కరెంటు గురించి చెప్పారు కాబట్టి రాస్తున్నాను. ఎన్నూరు వాగులో బొగ్గు కరెంటు ప్లాంట్ల బూడిద మేట వేసింది మీ అందరి ఇళ్లలో దీపాల కోసమే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు మణలి వైపు నుంచి చమురు కొట్టుకొచ్చి పడవలు, వలలు పాడయ్యాయి. మింజూరు ప్లాంటూ మా వైపే. నగరం ఏది తట్టుకోవాలన్నా ఆ భారం ఉత్తర చెన్నై మీదే పడుతోంది. ఏ ప్లాంటు కట్టినా ముందు ఆ ఊరివాళ్లను అడగండి.

వేళచ్చేరి శ్రీను:
లక్ష్మి గారు చెప్పిందానికి నా దగ్గర జవాబు లేదు, అది న్యాయమే. కానీ అంబత్తూరు గారూ, మురుగునీళ్లు రావాలన్నా ముందు ఇంటి కొళాయిలో నీళ్లు ఉండాలి కదా. 2019లో మా అపార్ట్‌మెంట్‌లో స్నానానికి అర బకెట్. మోరీలోకి వెళ్లే నీళ్లే లేనప్పుడు మీ ప్లాంటు దేన్ని శుద్ధి చేస్తుంది? అలాంటి ఏడాది సముద్రమే దిక్కు.

అంబత్తూరు మెయింటెనెన్స్:
అలాంటి ఏడాది కోసమే అయితే నాకూ సమ్మతమే. కానీ వాటిని అలా నడపడం లేదు. మింజూరు ప్లాంటు 25 ఏళ్ల పాటు నీళ్లు కొంటామన్న ఒప్పందంతో ప్రైవేటు పెట్టుబడి మీద వచ్చింది. చెరువులు నిండినా దాన్ని పక్కన పెట్టలేం. మెంబ్రేన్లను ఊరికే ఉంచితే పాడవుతాయి, రసాయనాల్లో భద్రపరచాలి. కరువుకు బీమా అనుకుని కట్టింది రోజువారీ ఖర్చుగా మారుతుంది.

గిండీ ప్లేటింగ్ యూనిట్:
శుద్ధి చేసిన నీళ్లు పెద్ద కంపెనీలకు పైపులో వెళ్తున్నాయి, సంతోషం. మాలాంటి చిన్న యూనిట్ల మాటేమిటి? ప్లేటింగ్‌లో, అంటే లోహపు పూత వేసే పనిలో, ప్రతి పీసునూ కడగాలి, ఉప్పు నీళ్లు వాడితే మరకలు పడతాయి. మా వీధికి ఆ పైపు రాలేదు. వేసవి వస్తే టెన్షనే, ట్యాంకర్‌వాడు చెప్పిందే రేటు. 2019లో ఒక షిఫ్టు ఆపేసి కుర్రాళ్లను ఊరికి పంపాం. మంచినీళ్లు ఆపుతామని చెప్పేముందు, పైపు మా గేటుదాకా వస్తుందా, కిలోలీటరు ఎంతకిస్తారో చెప్పండి. ట్యాంకర్ కంటే చవకైతే రేపే కనెక్షన్ తీసుకుంటాను.

అంబత్తూరు మెయింటెనెన్స్:
మీ ప్రశ్నే అసలు ప్రశ్న సార్. మన పారిశ్రామిక ఎస్టేట్ సంఘాలన్నీ కలిసి నగర నీటి సరఫరా బోర్డు మెట్రో వాటర్‌కు అర్జీ పెడదాం. డ్రాఫ్టు నేను రాస్తాను. మీ యూనిట్ నెలకు ఎన్ని ట్యాంకర్లు కొంటుందో ఇక్కడ రాయండి, మిగతావాళ్లు కూడా.