స్పెక్ట్రమ్ అనలైజర్: మైనస్ 20 ఇస్తే మైనస్ 24 చూపిస్తోంది, ఏ బటన్ దగ్గర తప్పు?

గజపతినగరం_ఈసీఈ:
నమస్కారం అండీ. విజయనగరంలో మా కాలేజీ ల్యాబ్‌లో పాత స్పెక్ట్రమ్ అనలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీలో సిగ్నల్ ఎంత బలంగా ఉందో తెర మీద గీసే పరికరం) ఒకటి ఉంది, 1.5 గిగాహెర్ట్జ్ వరకు చూపిస్తుంది. సిగ్నల్ జనరేటర్ నుంచి 100 మెగాహెర్ట్జ్, మైనస్ 20 డీబీఎం (పవర్ కొలత, 1 మిల్లీవాట్ అంటే 0) ఇస్తున్నాను. సెంటర్ 100 మెగాహెర్ట్జ్, స్పాన్ (తెర మీద కనబడే ఫ్రీక్వెన్సీ వెడల్పు) 1 మెగాహెర్ట్జ్, ఆర్‌బీడబ్ల్యూ (రిజల్యూషన్ బ్యాండ్‌విడ్త్, అంటే లోపలి ఫిల్టర్ వెడల్పు) 1 కిలోహెర్ట్జ్. గీత మరీ నిదానంగా కదులుతోందని స్వీప్ టైమ్ (గీత తెర ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లే టైమ్) 200 మిల్లీసెకన్లు పెట్టాను. ఇప్పుడు మార్కర్ మైనస్ 24 దగ్గర చూపిస్తోంది. పీక్ లావెక్కి, కొంచెం కుడిపక్కకి జరిగింది. తెర మీద ‘అన్‌క్యాల్’ అని వస్తోంది. ఇంకొకటి, ప్రీసెట్ (సెట్టింగులన్నీ మొదటికి తెచ్చే బటన్) కొడితే కేబుల్ పీకేసినా ఎడమ అంచున పెద్ద గీత ఉంటోంది. ఇన్‌పుట్ పోయిందా? రిఫరెన్స్ లెవెల్, అటెన్యుయేటర్ రెండూ ఒకటేనా?

బొబ్బిలి_ఆర్‌ఎఫ్:
ఇన్‌పుట్ ఏమీ పోలేదు. ఎడమ అంచున ఉన్నది సున్నా హెర్ట్జ్ గీత. ఆ చోట లోపలి ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీ సరిగ్గా మొదటి ఐఎఫ్‌తో (ఇంటర్మీడియెట్ ఫ్రీక్వెన్సీ, లోపలి ఫిల్టర్ దాటనిచ్చే ఫ్రీక్వెన్సీ) సమానమవుతుంది. మిక్సర్‌లోంచి (వచ్చిన సిగ్నల్‌ని ఆసిలేటర్‌తో కలిపే భాగం) లీకైన ఆసిలేటర్ సిగ్నల్ కాస్తా నేరుగా ఫిల్టర్ దాటి తెర మీదకి వచ్చేస్తుంది. మంచి అనలైజర్లలో కూడా ఉంటుంది. స్టార్ట్ ఫ్రీక్వెన్సీ కొంచెం పెంచితే కనబడదు.

మైనస్ 24 సంగతి మొత్తం స్వీప్ దగ్గరే ఉంది. ఆర్‌బీడబ్ల్యూ ఫిల్టర్ ఎంత సన్నగా ఉంటే అంత నిదానంగా స్పందిస్తుంది. అది పూర్తి ఎత్తుకి చేరేలోపే మీ స్వీప్ దాటి వెళ్లిపోతోంది. అందుకే ఎత్తు తగ్గింది, పీక్ లావైంది, కుడికి జరిగింది. పాత అనలాగ్ ఫిల్టర్లకి కావలసిన టైమ్ ఇలా చూసుకోండి: స్పాన్‌ని ఆర్‌బీడబ్ల్యూ వర్గంతో భాగించి, రెండున్నరతో గుణించాలి. మీ లెక్కకి 10,00,000 ÷ (1,000 × 1,000) × 2.5, అంటే 2.5 సెకన్లు. మీరు ఇచ్చింది 0.2. పన్నెండు రెట్లు తొందర! అంత తొందరలో దాదాపు 4 డీబీ పోవడం లెక్క ప్రకారమే.

స్వీప్ టైమ్ ఆటోలో పెట్టేయండి. తొందరగా కావాలంటే స్పాన్ 100 కిలోహెర్ట్జ్‌కి దించండి, 0.25 సెకన్లలో అయిపోతుంది. స్పాన్ తగ్గించకూడదంటే ఆర్‌బీడబ్ల్యూ 10 కిలోహెర్ట్జ్ చేయండి. అన్‌క్యాల్ (అన్‌క్యాలిబ్రేటెడ్, అంటే కొలత నమ్మదగ్గది కాదు) కనబడుతున్నంతసేపూ మార్కర్ అంకె రికార్డులో రాయకండి.

టెక్కలి_రేడియో:
రిఫరెన్స్ లెవెల్, అటెన్యుయేటర్ ఒకటి కాదు బాబూ. రిఫరెన్స్ లెవెల్ అంటే తెర మీద పై గీత విలువ. అటెన్యుయేటర్ మిక్సర్‌కి ముందు ఉండి, లోపలికి వెళ్లే సిగ్నల్‌నే తగ్గిస్తుంది. ఆటోలో రెండూ కలిసి నడుస్తాయి కాబట్టి ఒకటే అనిపిస్తుంది.

తెర మీద హార్మోనిక్ (సిగ్నల్ ఫ్రీక్వెన్సీకి రెండింతలు, మూడింతల చోట వచ్చే గీత) కనబడి, అది నిజమో కాదో అనుమానం వస్తే అటెన్యుయేటర్ చేత్తో 10 డీబీ పెంచండి. హార్మోనిక్ ఎత్తు మారకపోతే సిగ్నల్‌లోనే ఉంది. తగ్గితే మిక్సర్ ఓవర్‌లోడ్ అవుతోంది. నాయిస్ మాత్రం 10 డీబీ పైకి లేస్తుంది, దానికి కంగారు పడొద్దు.

ఇన్‌పుట్ కనెక్టర్ పక్కన రాసి ఉన్న గరిష్ఠ డీబీఎం, డీసీ వోల్టులు ముందు చదవండి. 5 వాట్ల వాకీటాకీ అంటే 37 డీబీఎం. నేరుగా తగిలిస్తే అటెన్యుయేటర్, మిక్సర్ కాలిపోతాయి. మధ్యలో కనీసం 10 వాట్లు తట్టుకునే 40 డీబీ ప్యాడ్ (బయట తగిలించే అటెన్యుయేటర్) పెట్టండి, లోపలికి మైనస్ 3 వెళ్తుంది. సర్క్యూట్‌లో డీసీ ఉంటే డీసీ బ్లాక్ (డీసీని ఆపి సిగ్నల్‌ని మాత్రం పంపేది) తప్పనిసరి.

కేబుల్ టీవీ వైరు కొలతలకి వాడొద్దు, అది 75 ఓమ్‌లు. అనలైజర్ 50.

గజపతినగరం_ఈసీఈ:
స్వీప్ ఆటోలో పెట్టాక మైనస్ 20.3 వచ్చింది, అన్‌క్యాల్ పోయింది. జనరేటర్‌లో 1 కిలోహెర్ట్జ్ ఏఎం (యాంప్లిట్యూడ్ మాడ్యులేషన్), 50 శాతం పెడితే రెండు పక్కలా రావలసిన గీతలు రావట్లేదు. వీబీడబ్ల్యూ (వీడియో బ్యాండ్‌విడ్త్) తగ్గించినా అంతే.

బొబ్బిలి_ఆర్‌ఎఫ్:
ఆ 0.3 కేబుల్‌కీ, కనెక్టర్లకీ, రెండు మెషీన్ల కచ్చితత్వానికీ పోయింది, పర్లేదు.

వీబీడబ్ల్యూ గీతని నున్నగా చేస్తుందే గానీ పక్కపక్క సిగ్నళ్లని విడదీయదు. విడదీసేది ఆర్‌బీడబ్ల్యూ. పక్క గీతలు 1 కిలోహెర్ట్జ్ దూరంలో ఉంటే 1 కిలోహెర్ట్జ్ ఫిల్టర్ మూడింటినీ ఒకే ముద్దగా చూపిస్తుంది. స్పాన్ 10 కిలోహెర్ట్జ్, ఆర్‌బీడబ్ల్యూ 100 హెర్ట్జ్ పెట్టండి. స్వీప్ మళ్లీ 2.5 సెకన్లే పడుతుంది. పీక్ సెర్చ్ కొట్టి, డెల్టా మార్కర్‌తో పక్క గీత మీదకి వెళ్లండి. 50 శాతానికి మధ్య గీతతో పోలిస్తే మైనస్ 12 డీబీ రావాలి.

మీ ఆర్‌బీడబ్ల్యూ 1 కిలోహెర్ట్జ్ కన్నా తగ్గదా? అప్పుడు మాడ్యులేషన్‌ని 10 కిలోహెర్ట్జ్‌కి పెంచి, స్పాన్ 100 కిలోహెర్ట్జ్ చేయండి. అదే మైనస్ 12 వస్తుంది.