ఐడిల్ ఊగుతోంది, పికప్ పోయింది: ఎయిర్ ఫ్లో సెన్సరేనా, ఇంకేదైనానా?

పాతబండి_ప్రేమి
బండికి పద్దెనిమిదేళ్లు. 1.6 లీటర్ పెట్రోల్. నెల రోజులుగా ఐడిల్ (ఎక్సలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) నిమిషానికి 600 చుట్లకీ 1100కీ మధ్య ఊగుతోంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఒక్కోసారి ఇంజినే ఆగిపోతోంది. ఎక్సలరేటర్ గట్టిగా తొక్కితే ఒక్క క్షణం తడబడి, ఆ తర్వాత లాగుతోంది. చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది, కోడ్ పి0171. మెకానిక్ స్కానర్ పెట్టిన రెండు నిమిషాల్లోనే ఎయిర్ ఫ్లో సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది) మార్చాలి అన్నారు. నా సందేహాలు మూడు. సెన్సరో, గాలి లీకో ఎలా తేల్చుకోవాలి? కడిగితే సరిపోతుందా? ఆరు నెలల క్రితం ఉతికి వాడుకునే నూనె ఫిల్టర్ వేశాను, దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

క్లచ్‌పెడల్
అంత ఆలోచన అక్కర్లేదు బ్రదర్. ఇంజిన్ ఆపి సెన్సర్ ప్లగ్ పీకేయండి, మళ్లీ స్టార్ట్ చేయండి. పీకాక బాగా నడిచిందంటే సెన్సర్ పోయినట్టే. నా బండికి అలాగే తేల్చాను, కొత్తది వేశాను, మూడేళ్లుగా సమస్య లేదు.

గ్రీజుచేతులు
ఆ పరీక్షను నమ్మే నేను మోసపోయాను. పీకితే ఐడిల్ చక్కగా నిలబడింది. సంతోషంగా కొత్త సెన్సర్ కొన్నాను. వారం తిరగకుండానే మళ్లీ అదే ఊగుడు. చివరికి దొరికింది ఏమిటంటే, ఫిల్టర్ డబ్బా నుంచి థ్రాటిల్ (ఎక్సలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) దాకా వెళ్లే రబ్బరు గొట్టం మడతలో పగులు. పైనుంచి చూస్తే కనబడదు. రెండు చేతులతో మడతలు సాగదీసి టార్చ్ వేస్తే అడుగువైపు వేలెడు పొడవున నోరు తెరుచుకుంది. వదిలేస్తే మూసుకుపోతుంది. గట్టిగా తొక్కినప్పుడు ఇంజిన్ ఒక పక్కకు ఒరుగుతుంది కదా, అప్పుడే తెరుచుకుని లెక్కలోకి రాని గాలిని పీల్చేది. దయచేసి ముందు ఆ గొట్టం చూడండి.

క్లచ్‌పెడల్
మీ ఒక్క బండికి అలా జరిగిందని పరీక్షే తప్పంటే ఎలా? పీకితే కంప్యూటర్ సెన్సర్‌ని పక్కన పెట్టేస్తుంది. బాగా నడిచిందంటే తప్పు సెన్సర్‌దే కదా.

మల్టీమీటర్_మాస్టర్
ఇరవై రెండేళ్లుగా ఇంజిన్ వైరింగే నా పని, కాబట్టి చెబుతున్నాను. ప్లగ్ పీకితే కంప్యూటర్ థ్రాటిల్ ఎంత తెరిచారు, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోంది అనే రెండు లెక్కలతో ఒక అంచనా వేసుకుని పెట్రోల్ పోస్తుంది. చాలా బండ్లలో ఆ అంచనా కాస్త పెట్రోల్ ఎక్కువగా, అంటే రిచ్‌గా ఉంటుంది. అందుకే గాలి లీకున్న బండి కూడా పీకగానే బాగుపడినట్టు కనిపిస్తుంది. అంటే ఆ పరీక్ష అనుమానం వరకే పనికొస్తుంది, తీర్పు ఇవ్వడానికి పనికిరాదు. పైగా పి0102 అనే ఇంకో కోడ్ పడుతుంది, దాన్ని చెరపాలి.

పి0171 కూడా లీన్ అని, అంటే గాలికి తగ్గ పెట్రోల్ చాలడం లేదని మాత్రమే చెబుతుంది. ఎందుకో చెప్పదు. దాన్ని చూసి రెండు నిమిషాల్లో సెన్సర్ అన్నవారు ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చూపే అంకె) చూడలేదనే నా అభిప్రాయం.

డీజిల్_మావయ్య
నాది డీజిల్. పీకితే పికప్ తిరిగొచ్చింది. నాకు మాత్రం నిజంగా సెన్సరే. గాలి తక్కువ వస్తోందని అది చెబితే, పొగ రాకూడదని కంప్యూటర్ డీజిల్‌ని తగ్గించేస్తుంది, బండి నడవదు. పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ ఎంత తెరవాలో కూడా ఈ లెక్క మీదే ఆధారపడుతుంది. పెట్రోల్ వాళ్ల సూత్రాలన్నీ మాకు పట్టవు.

క్లచ్‌పెడల్
చూశారా, మావయ్య గారికి పనిచేసింది!

గ్రీజుచేతులు
అడిగింది పెట్రోల్ బండి గురించి! మీ మాట విని ఆయన అనవసరంగా కొత్త సెన్సర్ కొంటే ఆ నష్టం మీరు భరిస్తారా? నేను అనుభవించాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

క్లచ్‌పెడల్
గొంతు పెంచాల్సిన పనిలేదు. నా అనుభవం నేను చెప్పాను, అంతే.

రాత్రిసర్వీస్
గొడవ ఆపండి. కడగడం గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను కార్బ్యురేటర్ క్లీనర్‌తో కడిగాను. లోపలి ప్లాస్టిక్ తెల్లబారింది, మర్నాటి నుంచి రీడింగే లేదు. సెన్సర్ కోసమే తయారుచేసిన స్ప్రే వాడండి. ఇయర్ బడ్ పెట్టి తుడవకండి. అందులో గాలిని కొలిచే తీగ వెంట్రుక కంటే సన్నం, తగిలితే తెగుతుంది. గాలి గన్ను అసలే వద్దు.

మల్టీమీటర్_మాస్టర్
నిజం. కడిగాక పూర్తిగా ఆరేదాకా ఇగ్నిషన్ వేయకూడదు. ఆ తీగ వేడెక్కుతుంది, స్ప్రే మండే పదార్థం. ఎల్‌హెచ్-జెట్రానిక్ అనే పాత పెట్రోల్ ఇంజెక్షన్ పద్ధతి ఉన్న బండ్లలో అయితే ఇంజిన్ ఆపిన కొద్ది సెకన్లకు తీగను ఒక్క సెకను పాటు సుమారు 1000 డిగ్రీలకు వేడిచేసి, అంటుకున్న మురికిని కాల్చేసే ఏర్పాటు ఉంటుంది. ఇంజిన్ ఆపాక తీగ ఎర్రబడడం చాలాసార్లు నా కళ్లతో చూశాను. ఎర్రబడకపోతే రిలేనో వైరో చూడాలి. తర్వాత వచ్చిన, తీగ బదులు పలచని పొర ఉండే ఫిల్మ్ రకానికి ఇది ఉండదు.

రెక్కమీటర్
మీరంతా తీగ గురించే మాట్లాడుతున్నారు. మా తరం బండ్లలో గాలిని కొలవడానికి రెక్క ఉండేది, ఎల్-జెట్రానిక్ అనే ఇంకా పాత ఇంజెక్షన్ పద్ధతి. గాలి తోస్తే రెక్క తెరుచుకుంటుంది, దాని ఇరుసుకున్న చేయి కార్బన్ పట్టీ మీద జరుగుతుంది. ఏళ్ల తరబడి ఐడిల్ దగ్గరే రాసుకుని అక్కడ పట్టీ అరిగిపోతుంది. నల్లమూత తీస్తే అరిగిన గీత వేలితో తడిమినా తెలుస్తుంది. చేతిని ఒక్క వెంట్రుకవాసి వంచి పక్కన అరగని చోటికి మార్చాను, బండి కొత్తదానిలా అయింది. స్ప్రింగ్ బిగువు మార్చే పళ్ల చక్రాన్ని మాత్రం గుర్తు పెట్టుకోకుండా తిప్పకండి. గ్యాస్ కిట్ ఉన్నవాళ్లకు ఇంకో మాట, ఒక్క బ్యాక్‌ఫైర్ (గాలి గొట్టంలోకి మంట వెనక్కి పేలడం) చాలు, రెక్క వంగిపోతుంది.

డీజిల్_మావయ్య
గ్యాస్ కిట్ అన్నారు కాబట్టి అడుగుతున్నా, మా తమ్ముడి బండి గ్యాస్ మీద ఐడిల్‌లో ఆగిపోతోంది, పెట్రోల్ మీద బాగుంది. ఎవరైనా చెప్పగలరా?

పాతబండి_ప్రేమి
మాస్టర్ గారూ, స్కానర్ అరువు తెచ్చుకున్నాను. ఇంజిన్ వేడెక్కాక, ఏసీ ఆపి చూశాను. ఐడిల్‌లో గాలి సెకనుకు 1.9 గ్రాములు, లాంగ్ ట్రిమ్ (నిలకడగా చేసిన సవరణ) ప్లస్ 22. రేస్ చేసి 2500 దగ్గర నిలబెడితే ప్లస్ 4కి దిగింది. దీని అర్థమేమిటి?

క్లచ్‌పెడల్
22 అంటే సెన్సర్ పోయినట్టే.

మల్టీమీటర్_మాస్టర్
కాదండీ! ఐడిల్‌లో ఎక్కువగా ఉండి, రేస్ చేస్తే తగ్గుతోందంటే అది గాలి లీకు లక్షణం. ఇంజిన్ లాగే గాలి పెరిగేకొద్దీ లీకు వాటా చిన్నదవుతుంది, అందుకే ట్రిమ్ దిగుతుంది. సెన్సర్ తక్కువ చూపిస్తే దీనికి తారుమారుగా, లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పైకి పోతుంది. ఇక ఐడిల్ లెక్క. ఇంజిన్ సైజు ఎన్ని లీటర్లైతే సెకనుకు సుమారు అన్ని గ్రాములు, కాస్త అటూ ఇటూ. 1.6కి 1.9 బాగానే ఉంది.

అయితే తొక్కితే తడబడుతోంది అన్నారు, అది కూడా చూడాలి. ఖాళీ రోడ్డు మీద, పక్కన ఇంకొకరు స్కానర్ పట్టుకుని, మూడో గేరులో పూర్తిగా తొక్కి 5000 దగ్గర రీడింగ్ రాయించండి. ఇంజిన్ రెండు చుట్లకొకసారి గాలి నింపుకుంటుంది కాబట్టి 1.6 లీటర్లు, నిమిషానికి 2500 సార్లు, అంటే 4000 లీటర్లు. సెకనుకు 67 లీటర్ల లోపు. లీటరు గాలి సుమారు 1.2 గ్రాములు, మొత్తం 80. ఇంజిన్ పూర్తిగా నిండదు, 85 శాతం అనుకుంటే 68. దానికి బాగా తక్కువైతే సెన్సర్ మురికి పట్టిందనో, ఫిల్టర్ మూసుకుపోయిందనో అనుకోవాలి. ట్రిమ్ పైకి పోతున్నా గ్రాములు మాత్రం సరిగ్గా వస్తుంటే పెట్రోల్ పంపు ప్రెజర్ చూడండి.

గ్రీజుచేతులు
గొట్టం చూశారా? గొట్టం!

పాతబండి_ప్రేమి
చూశాను అన్నా, మడతలన్నీ సాగదీశాను, బాగానే ఉంది. లీకు దొరికింది కానీ అక్కడ కాదు. పీసీవీ (ఇంజిన్ లోపలి ఆవిరిని తిరిగి గాలిలో కలిపే వాల్వ్) నుంచి, సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్‌కి వెళ్లే చిన్న వంపు గొట్టం నూనెకు నాని మెత్తబడిపోయింది. వేలు పెడితే చీలిక తెలిసింది. అది మార్చి, కోడ్ చెరిపి, వారం తిప్పాక ఐడిల్‌లో ట్రిమ్ ప్లస్ 3. ఊగడం లేదు, ఆగడం లేదు. తొక్కితే తడబాటు మాత్రం పోలేదు. 5000 దగ్గర 52 వచ్చింది.

మల్టీమీటర్_మాస్టర్
ఇప్పుడు కడగండి. దాంతో పాటు సెన్సర్ ప్లగ్ పిన్నులు చూడండి, పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. ఇంజిన్ నడుస్తుండగా సెన్సర్ ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య 0.1 వోల్టు దాటకూడదు. దాటితే ఎర్త్ సరిచేయండి, లేకపోతే కొత్త సెన్సర్ వేసినా తప్పే చెబుతుంది. ఐడిల్‌లో స్క్రూడ్రైవర్ పిడితో సెన్సర్ మీద మెల్లగా తట్టండి. తట్టినప్పుడల్లా ఇంజిన్ తడబడితే లోపల అతుకు వదులైనట్టు, అది కడిగితే పోదు.

పాతబండి_ప్రేమి
తట్టాను, ఏమీ కాలేదు. ఎర్త్ 0.03. సెన్సర్ విప్పి టార్చ్ కింద చూస్తే తీగ మీద తేనెరంగు జిగురు, దానికి దూది పోగుల్లాంటి నూగు అంటుకుని ఉంది. పది పదిహేను సార్లు స్ప్రే కొట్టి, గంట ఆరబెట్టి బిగించాను. బాణం గుర్తు థ్రాటిల్ వైపు ఉండేలా చూసుకున్నాను. ఇప్పుడు 5000 దగ్గర 65. తొక్కగానే లాగుతోంది. నా మూడో ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు.

రాత్రిసర్వీస్
ఆ తేనెరంగే మీ జవాబు. ఉతికాక ఫిల్టర్‌కి నూనె ఎక్కువ పట్టిస్తే గాలితో పాటు వచ్చి తీగ మీద కూర్చుంటుంది. దుమ్ము దానికి అంటుకుంటుంది. కాగితం ఫిల్టర్‌కి మారండి, డబ్బా క్లిప్పులన్నీ పడ్డాయో లేదో చూసుకోండి, ఒక్క మూల తెరుచుకున్నా దుమ్ము అక్కడి నుంచే వస్తుంది.

క్లచ్‌పెడల్
నా బండికి నూనె ఫిల్టర్ మూడేళ్లుగా ఉంది, ఏమీ కాలేదు. నూనె తగినంత పట్టించడం రావాలి, అంతే.

గ్రీజుచేతులు
మీ ట్రిమ్ ఎంతో ఒకసారి చూసి ఇక్కడ రాయండి, అప్పుడు మాట్లాడదాం.