కాలువలో నీటికుక్క కనబడింది, ఎక్కడ రిపోర్ట్ చేయాలి?

కాలువగట్టు:
అందరికీ నమస్తే. నిన్న తెల్లారగట్ల గట్టు మీద నడుస్తుంటే నీళ్లలోంచి ఒకటి తల పైకెత్తి నావైపు చూసి బుడుంగున మునిగింది, మళ్లీ అవతలి ఒడ్డున తేలింది, నోట్లో చేప, తోక మొదట్లో లావుగా చివర సన్నగా. నీటికుక్కే అనిపించింది. ఇరవై ఏళ్లుగా ఇదే గట్టు మీద తిరుగుతున్నా, ఎప్పుడూ చూడలేదు. ఫోటోలో గోధుమరంగు మచ్చ తప్ప ఏం లేదు. రిపోర్ట్ ఎక్కడ పెట్టాలి? ఆ ఫోటో పనికొస్తుందా? ఒక్కసారి కనబడితే ఇటు మకాం మార్చినట్టేనా?

పిట్టలపిచ్చి:
ఐనాచురలిస్ట్‌లో పెట్టెయ్ బ్రో, జంతువుల ఫోటోలు పెడితే అందరూ కలిసి గుర్తుపట్టే యాప్ అది. మచ్చయినా పర్లేదు, తేదీ మాత్రం జాగ్రత్త. నేను చాట్‌లోంచి దించుకున్న పాత ఫోటోలన్నీ ఒకేసారి ఎక్కించేశా, వాటిలో అసలు తేదీ పోయిందని చూసుకోలేదు, చలికాలం వచ్చే వలస బాతులు మండుటెండల్లో తిరిగినట్టు రికార్డయ్యాయి. ఎవరో మెసేజ్ పెట్టేదాకా నాకు తెలీదు. రెండొందల పైచిలుకు, ఒక్కోటీ కూర్చుని దిద్దా.

అడుగుజాడ:
మచ్చయినా పర్లేదని చెప్పకండి దయచేసి. పన్నెండేళ్లుగా ఇదే పని నాది, వారానికి యాభై అరవై రికార్డులు గుర్తించి పెడతా. రీసెర్చ్ గ్రేడ్, అంటే పరిశోధనకి పనికొస్తుందన్న ముద్ర, రావాలంటే ఫోటోనో శబ్దమో ఉండాలి, గుర్తించినవాళ్లలో మూడింట రెండొంతుల కన్నా ఎక్కువ మంది ఒకే మాట మీదుండాలి. మచ్చ చూసి ఎవరు ఒప్పుకుంటారు, ముంగిస కూడా ఈదుతుంది. మళ్లీ వెళ్లి తడి మట్టి చూడండి. కుక్క అడుగులో నాలుగు వేళ్లు పడతాయి, నీటికుక్కకి ఐదు, వేళ్ల మధ్య చర్మం కూడా ఒక్కోసారి అచ్చు పడుతుంది. పక్కన పెన్ను పెట్టి సరిగ్గా పైనుంచి తీయండి. రాళ్ల మీద చేప పొలుసులున్న పెంట కనిపిస్తే అదీ తీయండి, మ్యాపులో చోటు చూపించే పిన్ ఆ రాయి మీదే పెట్టండి.

గూడుకాపలా:
రాయి మీదే పిన్ పెట్టమంటారేంటండీ?? నేను గుడ్లగూబ గూడున్న చెట్టు మీదే పిన్ పెట్టా ఒకసారి. రెండో వారానికి చెట్టు కింద జనం, కెమెరాలు, పగలు నిద్రపోయే పిట్ట మొహం మీద ఫ్లాష్‌లు. ఐదు రోజులకి తల్లి గూడొదిలేసింది. ఆ ఖాళీ తొర్ర నేను ఇప్పటికీ చూడలేను. నీటికుక్కల్ని తోలు కోసం చంపేవాళ్లున్నారు, లొకేషన్ దాచండి.

అడుగుజాడ:
అందరూ దాచుకుంటూ పోతే రేంజ్, అంటే ఏ జంతువు ఎక్కడెక్కడ ఉంటుందో, ఎలా తెలుస్తుందండీ. దాచిన పిన్ మ్యాపులో 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో పడుతుంది, భూమధ్యరేఖ దగ్గరైతే ఆ గడి 22 కిలోమీటర్లు. వేడికి జీవజాతులు పదేళ్లకి దాదాపు 17 కిలోమీటర్ల చొప్పున ధ్రువాల వైపు జరుగుతున్నాయని 2011లో లెక్క తేల్చారు. అవి జరిగిన దూరం కన్నా మనం దాచిన దూరమే ఎక్కువైతే ఇంకేం కొలుస్తాం?

గూడుకాపలా:
1999లో చైనాలో ఒక గుహ బల్లిని కొత్త జాతి అని చోటుతో సహా ప్రచురించారు. బల్లులు అమ్ముకునేవాళ్లు వచ్చి అక్కడున్నవన్నీ ఏరుకుపోయారు. అక్కడిక కొలవడానికి ఏం మిగిలింది? మీ మ్యాపు కన్నా దాని ప్రాణం ముఖ్యం.

అడుగుజాడ:
నాకు ప్రాణం మీద ఖాతరు లేదంటున్నారా? పన్నెండేళ్లు ఎవరి కోసం బురదలో తిరిగాననుకుంటున్నారు?

పిట్టలపిచ్చి:
అన్నా, అక్కా, కాస్త ఆగండి. దాచినా అసలు చోటు లోపల అలాగే ఉంటుంది, మనం నమ్మినవాళ్లకి చూపించొచ్చు. ప్రమాదంలో ఉన్న జాతులకైతే మనం నొక్కకపోయినా యాపే దాస్తుంది.

అడుగుజాడ:
చూపించమని మెసేజ్ పెడితే సగం మంది జవాబే ఇవ్వరు. చెప్పేది అదే.

లెక్కలమాస్టారు:
అసలు సంగతి వదిలేశారు. ఇరవై ఏళ్లుగా లేదన్నారు కదా, లేదని ఎక్కడైనా రాశారా? మ్యాపులో కొత్తచోట చుక్క పడితే అక్కడికి జంతువు వచ్చిందో, ఫోనున్న మనిషి వచ్చాడో ఎలా చెప్తాం? పిట్టల లెక్కలు రాసే ఈబర్డ్ యాప్ పూర్తి లిస్టు అడిగేది అందుకే, ఎంతసేపు చూశాం, ఎంత దూరం నడిచాం, గుర్తుపట్టినవన్నీ రాశామా అని. మనవాళ్లు అరుదైన పిట్టకి పరిగెడతారు, కాకినీ గోరింకనీ రాయమంటే బద్ధకం. క్రిస్మస్ బర్డ్ కౌంట్ 1900 నుంచి నడుస్తోంది, 24 కిలోమీటర్ల వ్యాసంతో వలయాలు గీసుకుని కనబడిన ప్రతి పిట్టనీ లెక్కపెడతారు, ఉత్తర అమెరికాలో చలికాలం పిట్టలు ఉత్తరానికి జరుగుతున్న సంగతి ఆ లెక్కల్లోనే బయటపడింది.

కప్పలచెరువు:
మాస్టారూ దండం. మూడేళ్లు ప్రతి ఆదివారం రాత్రి ఒకే చెరువు దగ్గర పావుగంట కూర్చుని "ఫలానా కప్ప వినబడలేదు" అని రాశా, ఇంట్లో అందరూ తిట్టారు. మొన్న వానకి మొదటిసారి అరిచింది, పన్నెండు సెకన్లు రికార్డయింది. చేతులు వణికాయి. ముందు రాసిన "లేదు"లు ఉండబట్టే ఇప్పుడా పన్నెండు సెకన్లకి విలువ.

గూడుకాపలా:
ఆ చెరువు పేరు మాత్రం ఎక్కడా రాయకండి.

కాలువగట్టు:
ఇవాళ మళ్లీ వెళ్లా. తూము దగ్గర బురదలో అడుగులు దొరికాయి, ఐదు వేళ్లు స్పష్టంగా ఉన్నాయి, పెన్ను పెట్టి తీశా. పిన్ దాచి పెట్టా, అడుగుజాడ గారూ, మీరడిగితే మీకు చూపిస్తా. మకాం మార్చినట్టేనా అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు.

అడుగుజాడ:
థాంక్స్ అండీ, మెసేజ్ పెడుతున్నా. ఒక్కటి కనబడితే దారినపోయేది కావచ్చు. నెలనెలా వెళ్లండి, కనబడని రోజు కూడా రాయండి. పెద్ద అడుగుల పక్కన చిన్నవి పడితే ఇక అది అక్కడిదే.

గూడుకాపలా:
పిల్లలు కనబడితే దూరం నుంచే చూడండి. ఫ్లాష్ వద్దు.