ఏఎస్ఓ 400 వచ్చింది, మళ్లీ చేయించాలా?

మా పాపకి తొమ్మిదేళ్లు. నెల క్రితం గొంతునొప్పి, జ్వరం వచ్చి తగ్గిపోయాయి. ఇప్పుడు మోకాళ్లు నొప్పంటే డాక్టర్ గారు ఏఎస్ఓ టైటర్ (గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్ బాక్టీరియా ఈమధ్య సోకిందా అని చూసే రక్తపరీక్ష) రాశారు. 400 వచ్చింది; రిపోర్టులో 200 లోపు ఉండాలని ఉంది. కీళ్లవాపు లేదు, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉందా అని చూసే రక్తపరీక్ష), ఈసీజీ బాగానే ఉన్నాయి.

స్ట్రెప్ సోకిన 3 నుంచి 5 వారాలకి ఇది బాగా పెరుగుతుందనీ, దిగడానికి నెలలు పడుతుందనీ చదివాను. బడి పిల్లల్లో మామూలుగానే కాస్త ఎక్కువ ఉంటుందట. మరి ఇది ఆ పాత గొంతునొప్పి జాడేనా, లేక రుమాటిక్ జ్వరమని (స్ట్రెప్ సోకాక కీళ్లకీ, గుండెకీ వచ్చే జబ్బు) అనుమానించాలా? మా అత్తగారైతే అప్పుడే గుండెజబ్బు దాకా వెళ్లిపోయారు.

రెండు వారాలాగి మళ్లీ చేయించి, అంకె పెరుగుతోందో లేదో చూడటం మేలా? యాంటీ డీఎన్‌ఏస్ బి పరీక్ష (స్ట్రెప్ జాడనే చూసే మరో రక్తపరీక్ష) కూడా అడగమంటారా? మీ పిల్లలకి ఇలా వచ్చి ఉంటే డాక్టర్లు ఏం చేశారో కాస్త చెప్పండి.