సమస్యాపూరణం: తిండి లేక బొజ్జ దిట్టమయ్యె

అధ్యక్షులు (నారాయణగూడ): ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

తిండి లేక బొజ్జ దిట్టమయ్యె

ఒక్కటే షరతు. పద్యం ఆర్ద్రా నక్షత్రం మీదే ఉండాలి. రైతులు ఆరుద్ర అంటారు, ఇంగ్లీషులో బీటిల్‌జ్యూస్. సంక్రాంతి రోజుల్లో రాత్రి డాబా ఎక్కితే హైదరాబాద్ లైట్ల మధ్య కూడా ఎర్రగా కనిపిస్తుంది. అది మహాతార. సూర్యుడి చోట పెడితే బుధుణ్ణి, శుక్రుణ్ణి, మనల్ని, అంగారకుణ్ణి మింగేస్తుంది. ఛందస్సుతోపాటు సైన్సు కూడా చూస్తాం.

మెహదీపట్నం మాస్టారు:

గర్భమందుదజని కాలిపోయిన మీద
గుండె ముడుచుకొనఁగఁ గొలిమి రేఁగె
పైన పొరలు పొంగఁ బాప మా యార్ద్రకుఁ
దిండి లేక బొజ్జ దిట్టమయ్యె

అధ్యక్షులు: మాస్టారూ, మొదటి బంతికే సిక్సర్! నడిమధ్యన ఉదజని, అంటే హైడ్రోజన్, అయిపోతే గర్భం తన బరువుకే కుంచించుకుపోయి ఇంకా వేడెక్కుతుంది. దాని చుట్టూ ఉన్న పొరలో మిగిలిన హైడ్రోజన్ అంటుకుంటుంది. ఆ ధాటికి పైపొరలు ఉబ్బుతాయి. ఇదంతా మూడు పాదాల్లో పట్టేసింది. ‘కొలిమి రేఁగె’ దగ్గర నేను ఆగిపోయాను. ‘పాపం’ కూడా భలే పడింది.

ఉప్పల్ కుర్రాడు: సమస్యలో ‘తిండి’ ఉంటే మాస్టారు ‘దిండి’ చేశారేంటండీ?

అధ్యక్షులు: ‘ఆర్ద్రకు’ ద్రుతాంతం, అంటే చివర ‘న్’ ఉన్న మాట కదా నాయనా, సరళాదేశం వచ్చి త ద అయింది. దోషం కాదు.

తార్నాక లెక్చరర్: నాదో పేచీ. అసలు సమస్యే సగం అబద్ధం. హైడ్రోజన్ అయిపోయినా దాని గర్భంలో ఇప్పుడు హీలియం మండుతోందనే ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అంచనా. అన్నం అయిపోతే రొట్టె తింటోంది, పస్తులేం లేదు. సూర్యుడికి 15 నుంచి 20 రెట్ల బరువుతో పుట్టి, కోటి ఏళ్లైనా నిండకుండానే కడుపులో హైడ్రోజన్ హరాయించుకుంది. మన సూర్యుడు 460 కోట్ల ఏళ్లుగా పొదుపుగా తింటున్నాడు. మాస్టారు ‘ఉదజని’ అని గిరి గీశారు కాబట్టి బతికిపోయారు.

ఉప్పల్ కుర్రాడు: నాదీ చూడండి.

ఎఱ్ఱనైన కొలిమి యిన్నింట మిన్నగాఁ
గాఁగి కాఁగి యుబ్బెఁ గాయ మెల్ల
సూర్యుఁ డెన్నడైనఁ జూడని వేఁడితోఁ
దిండి లేక బొజ్జ దిట్టమయ్యె

అధ్యక్షులు: గణాలు, యతులు సరిగ్గా ఉన్నాయి, ధార కూడా ఉంది. సైన్సే తిరగబడింది. చుక్కల్లో ఎరుపు చల్లదనానికి గుర్తు. ఆర్ద్ర పైభాగం 3,500 కెల్విన్ల దరిదాపు, సూర్యుడిది 5,800. అదే ఆర్ద్ర ఉన్న ఓరియన్ (వేటగాడు) నక్షత్రమండలంలోనే, వేటగాడి కాలి దగ్గరున్న నీలి రైజెల్ అయితే 12,000. ఉబ్బి ఒళ్లంతా విశాలమైపోయాక చదరపు మీటరుకి దక్కే వేడి తక్కువ. ఒళ్లు పెద్దది గనకే మొత్తం వెలుగు మాత్రం వేల రెట్లు. మార్చి పంపు.

ఉప్పల్ కుర్రాడు: ఇదిగో.

ఎఱ్ఱబడిన కొలిమి యెంతయో చల్లనై
సాగి సాగి యుబ్బెఁ జాల మేను
సూర్యుఁ డెన్నడైనఁ జూడని చలువతోఁ
దిండి లేక బొజ్జ దిట్టమయ్యె

మెహదీపట్నం మాస్టారు: శభాష్! మొదటిదానికన్నా ఇదే బాగుంది. చల్లబడ్డ కొలిమి ఉబ్బడం అసలైన సమస్య.

చిక్కడపల్లి కవిగారు: షరతు సంగతి తెలుసు, అయినా ఆగలేకపోయాను.

గజముఖుండు మనకు ఖైరతాబాదయ్య
యుండ్ర మొక్కటైన నోటఁ బడక
యేటికేఁడు వచ్చి యిట్టులే నిలువఁగాఁ
దిండి లేక బొజ్జ దిట్టమయ్యె

అధ్యక్షులు: నవ్వాపుకోలేకపోయాను, కానీ పోటీకి చెల్లదు. పైగా రెండో పాదంలో యతి తప్పింది. ‘ఉండ్ర’లోని ఉకారానికి ‘నోట’ కుదరదు, ఆ నకారం నోటిదే, ద్రుతానిది కాదు. ‘యుండ్ర మొక్కటైన నొల్లకుండ’ అనండి. అప్పుడు నకారం ద్రుతానిది, ఉ–ఒ యతి కుదురుతుంది.

మల్కాజిగిరి అక్కయ్య: 2019 చివర్లో ఈ ఆర్ద్ర మసకబారి, పేలిపోతుందేమోనని అందరికీ టెన్షన్ పెట్టింది కదా.

ధూళిఁ దానె యూఁది దుప్పటిఁ గప్పఁగా
మసక బాఱె ననుచు మనకు దిగులు
వెలుఁగు చిక్కెఁ గాని వింతయౌ చుక్కకుఁ
దిండి లేక బొజ్జ దిట్టమయ్యె

తార్నాక లెక్చరర్: అక్కయ్యా, ‘వెలుఁగు చిక్కెఁ గాని’ చాలా బాగుంది. 2020 ఫిబ్రవరికి అడుగంటి, తర్వాత మళ్లీ కోలుకుంది. దుప్పటితోపాటు పైభాగంలో కొంత మేర చల్లబడ్డం కూడా కారణమని తేల్చారు. ఆ ముక్క పద్యంలో లేకపోయినా తప్పు పట్టను.

ఉప్పల్ కుర్రాడు: ఇంతకీ ఆ బొజ్జ కొలిచిందెవరు సార్?

తార్నాక లెక్చరర్: మైకెల్సన్, పీజ్ అనే శాస్త్రజ్ఞులు. 1920 డిసెంబరులో అమెరికాలోని మౌంట్ విల్సన్ మీద, 100 అంగుళాల టెలిస్కోపుకి 20 అడుగుల దూలం అడ్డంగా బిగించి. సూర్యుడు కాక ఇంకో నక్షత్రం వెడల్పు కొలవడం అదే మొదలు.

పాతబస్తీ మిత్రుడు: పేరు సంగతి నేను చెప్తా. అరబీలో అది ‘యద్ అల్ జౌజా’, జౌజా చెయ్యి. జౌజా అంటే ఓరియన్. మాట మొదట్లో ‘య’కి కింద రెండు చుక్కలు, ‘బ’కి ఒకటి. మధ్యయుగంలో లాటిన్‌లోకి ఎక్కించేటప్పుడు య బ అయిపోయింది. మా గల్లీలో బోర్డు రాసేవాడు అలా రాస్తే ఊరుకుంటామా? 2016లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఆ తప్పు పేరుకే ముద్ర వేసింది.

అధ్యక్షులు: మొదటి బహుమతి మాస్టారికి, రెండోది సవరణతో ఉప్పల్ తమ్ముడికి. వచ్చే వారానిది రాసుకోండి. నాంపల్లిలో చేప ప్రసాదం పెట్టే మృగశిర కార్తె తర్వాత వచ్చేదే ఆరుద్ర కార్తె. అప్పుడు సూర్యుడు ఈ చుక్క దిక్కునే ఉంటాడు కాబట్టి అది మనకి కనపడదు.

వానచుక్క యెపుడు వానఁ గనదు